దబ్బనం, సూది, కుల్లాయి

హైదరాబాద్ ఉస్మాన్‌గంజ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన పనిముట్టు దబ్బనం. బస్తాలు దించేటప్పుడు ఒకటో రెండో మూతి వీడిపోతాయి. హమాలీ దబ్బనంలో సుతిలి ఎక్కించి, గోనె అంచులు రెండూ ఎడమచేత్తో దగ్గరకు లాగి, అయిదారు పోట్లు పొడిచి ముడేస్తాడు. అరనిమిషం పట్టదు. చూపు సంచి మీద ఉండదు కూడా. గుమాస్తాతో లెక్క మీద వాదిస్తూనే కుట్టేస్తాడు. నేత ఎక్కడ వదులుగా ఉందో, ఎక్కడ పొడిస్తే పీచు తెగుతుందో వేళ్లకు తెలుసు. "ఎట్ల తెలుస్తది?" అని ఒకసారి అడిగాను. "తెలుస్తది" అన్నాడు.

అదే మనిషి నడుం సంగతి వేరు. బెల్లమైనా చింతపండైనా మిర్చైనా, గంజ్‌కి వచ్చిన సరుకు చివరికి ఎవరో ఒకరి వీపు మీదుగానే కొట్లోకి చేరాలి. నలభై దాటిన హమాలీల్లో నడుం పట్టని వాణ్ని నేనింకా చూడలేదు. పొద్దున ఒక గోలీ, రాత్రికి బామ్, అప్పటికీ తగ్గకపోతే పాతబస్తీలో కప్పులు పెట్టి రక్తం తీసే హిజామా. సొంతూళ్లకు పోయినప్పుడు పెద్దలు వాతలు పెట్టిన మచ్చలు కొందరి వీపుల మీద ఇప్పటికీ ఉన్నాయి. ఆ వరసలోకి ఆక్యుపంక్చర్ కూడా వచ్చి చేరింది. "సూదులు పెట్టించుకున్న, నెల దినాలు హాయిగున్నది" అని ఒకరంటే, "పైసలు దండుగ" అని ఇంకొకరు. ఇద్దరూ నిజమే చెబుతున్నారని నా అనుమానం. ఎందుకలా అనుకుంటున్నానో చెప్పాలంటే ముందు ఆ సూదిని చూడాలి. తర్వాత, ఈ గంజ్ నుంచి పావుగంట నడక కూడా లేని చోట, నూట ముప్పై ఏళ్ల కిందట ఆరితేరిన ఇంకో చేతిపనిని చూడాలి.

ఆక్యుపంక్చర్ సూది దబ్బనానికి బంధువు కాదు, ఆస్పత్రి ఇంజెక్షన్ సూదికీ కాదు. ఇంజెక్షన్ సూది బోలుగా ఉంటుంది, కొనను ఏటవాలుగా కోసి ఉంటారు, చర్మాన్ని కోసుకుంటూ దిగుతుంది. ఈ సూది గట్టి తీగ. సాధారణంగా వాడేదాని మందం మిల్లీమీటరులో నాలుగో వంతు. మొన వాడిగా ఉన్నా కాస్త గుండ్రం తిరిగి ఉంటుంది, అందుకే కండను కోయదు, పక్కకు జరుపుకుంటూ పోతుంది. పిడికి సన్నటి తీగ చుట్టి ఉంటుంది, వేళ్ల మధ్య తిప్పడానికి పట్టు కోసం. ఇంత సన్నని తీగను చర్మంలోకి తోస్తే వంగిపోవాలి కదా? వంగుతుంది. దానికి విరుగుడు కనిపెట్టినాయన 17వ శతాబ్దపు జపాన్ వాడు, సుగియామా వాయిచీ. ఆయనకు చూపు లేదు. గురువులు నీకీ పని రాదు పొమ్మన్నారనీ, తీర్థానికి పోయి వస్తూ తూలిపడితే, చుట్టుకున్న ఆకులో ఇరుక్కున్న పైన్ చెట్టు సూదాకు చేతికి తగిలి ఆలోచన తట్టిందనీ కథ. కథ సంగతి ఎలా ఉన్నా గొట్టం నిజం. సూది కంటే పిసరంత పొట్టిగా ఉండే గొట్టంలో సూదిని వేసి చర్మం మీద నిలబెడతారు. పైకి తేలిన కొసను చూపుడువేలితో ఒక్కసారి తడతారు. చర్మం పైపొర దాటడం, అసలు నొప్పి తెలిసే చోటు అదే, కనురెప్ప కొట్టేలోగా అయిపోతుంది. ఇవాళ ప్యాకెట్లలో వచ్చే సూదులు చాలావరకు ఆ గొట్టంతోనే వస్తున్నాయి.

గుచ్చడంతో పని అయిపోదు, మొదలవుతుంది. వేళ్ల మధ్య సూదిని కొంచెం తిప్పుతూ, ఎత్తుతూ దించుతూ ఉంటే ఒకచోట పట్టుకుంటుంది. రోగికి అక్కడ బరువుగా, గుంజినట్టు అనిపిస్తుంది. వైద్యుడి వేలికి గాలం కొరికిన చేప తెలిసినట్టు తెలుస్తుందని చైనాలో పాతకాలం నుంచీ ఉన్న పోలిక. దీన్ని వాళ్లు 'దె-చీ' అంటారు, ప్రాణశక్తి వచ్చి చేరడం అని. హెలీన్ లాంజ్‌వాన్ అనే పరిశోధకురాలు 2000ల తొలి ఏళ్లలో అమెరికాలో ఈ పట్టును యంత్రంతో కొలిచి చూశారు. సూదిని తిప్పినప్పుడు చర్మం కింది అల్లికలో ఉండే పీచు, కదురుకు నూలు చుట్టుకున్నట్టు, దాని చుట్టూ చుట్టుకుంటోందని తేల్చారు. వేలికి తగిలిన చేప ఉత్త మాట కాదన్నమాట.

ఎక్కడ గుచ్చాలన్నది ఇంకో విద్య. నడుం నొప్పికి నడుం దగ్గరే కాదు, మోకాలి వెనక మడత మధ్యలోనూ గుచ్చుతారు. ఇలాంటి బిందువులు 361. చైనాలో సోంగ్ వంశపు చక్రవర్తుల కాలంలో, 1027లో, వాంగ్ వేయీ అనే వైద్యుడి ఆధ్వర్యంలో మనిషంత ఎత్తు కంచు బొమ్మలు రెండు పోత పోశారు. ఒళ్లంతా బిందువుల దగ్గర చిల్లులు. పైన మైనం పూసి చిల్లులు కనపడకుండా చేసి, లోపల నీళ్లు పోసి, పరీక్ష రోజున శిష్యుణ్ని గుచ్చమనేవారు. సరైన చోట దిగితే నీటి చుక్క వస్తుంది, లేకపోతే సూది మైనంలో ఆగిపోతుంది. మార్కులు దిద్దే గురువుతో వాదించే పని లేదు.

లోతు తెలియకపోతే ఎంత ప్రమాదమో కూడా చెప్పాలి. భుజాల మధ్య, వీపు పైభాగంలో నిలువుగా లోతుకు దింపితే ఊపిరితిత్తికి చిల్లు పడుతుంది. అందుకే తెలిసిన చెయ్యి అక్కడ సూదిని ఏటవాలుగా, పైపైనే పోనిస్తుంది.

ఈ విద్య మన దేశానికి వచ్చిన దారి కూడా చిన్నదేం కాదు. 1938లో జపాన్ దాడిలో ఉన్న చైనాకు కాంగ్రెస్ పంపిన అయిదుగురు వైద్యుల్లో ద్వారకానాథ్ కోట్నీస్ ఒకరు. ఆయనది షోలాపూర్, మన పద్మశాలీలు మగ్గాలు పెట్టుకుని సగం తెలుగూరు చేసిన చోటు. ఆయన 1942 డిసెంబర్‌లో అక్కడే చనిపోయారు. తోటి వైద్యుడు బిజయ్ కుమార్ బసు తిరిగొచ్చి, 1950ల చివర మళ్లీ చైనా వెళ్లి సూది విద్య నేర్చుకుని, కలకత్తాలో మొదలుపెట్టారు. ఇప్పుడు బల్కంపేట ప్రకృతి వైద్య కళాశాల పిల్లలకు అది పాఠ్యాంశం.

సరే, పనిచేస్తుందా? జర్మనీలో 2007లో వెలువడిన ఒక పెద్ద పరీక్షలో ఏళ్ల తరబడి నడుం నొప్పితో ఉన్న 1,162 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు శాస్త్రం చెప్పిన బిందువుల్లో సూదులు. ఒక జట్టుకు బిందువులు కాని చోట, పైపైన, తిప్పకుండా సూదులు. మూడో జట్టుకు మామూలు మందులు, వ్యాయామాలు. ఆరునెలల తర్వాత చూస్తే మామూలు వైద్యంలో గుణం కనిపించింది నూటికి 27.4 మందికి. సరైన సూదుల జట్టులో 47.6. మరి తప్పు చోట గుచ్చిన జట్టులో? 44.2.

ఈ లెక్క చూసి నవ్వేవాళ్లున్నారు. నేను నవ్వలేదు, కానీ చాలా రోజులు నాకు నిద్ర చెడింది. మామూలు వైద్యం కంటే సూది మెరుగైన మాట నిజం. ఆ సూది ఎందుకు మెరుగో చెప్పిన వివరణ మాత్రం నిలబడలేదు. కంచు బొమ్మకు వెయ్యేళ్లుగా చిల్లులు పెట్టుకుంటూ వచ్చిన శాస్త్రం మూడు శాతం తేడా మీద తల వంచుకుని నిలబడింది. చెయ్యి ఒప్పు, మాట తప్పు. ఇలా జరగొచ్చా అనుకుంటూ ఉండగా అఫ్జల్‌గంజ్ గుర్తొచ్చింది.

గంజ్ నుంచి మూసీ వైపు నడిస్తే ఉస్మానియా ఆస్పత్రి వస్తుంది. ఇప్పటి కట్టడం 1908 సెప్టెంబర్ వరద తర్వాతది, విన్సెంట్ ఎష్ గీసిన నమూనా. అంతకు ముందు అక్కడ ఉన్నది 1866లో పెట్టిన అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి. వరద ఆ ఆస్పత్రిని తీసుకుపోయింది. ఆవరణలోని చింతచెట్టును కదిలించలేకపోయింది, దాని కొమ్మలు పట్టుకుని నూట యాభై మంది దాకా బతికారు. ఆ చెట్టు ఇంకా ఉంది. కొట్టుకుపోయిన ఆ ఆస్పత్రి రోజుల్లో హైదరాబాద్ నగరం నొప్పి తెలియకుండా కోత కోయడంలో ప్రపంచానికి పాఠం చెప్పింది.

చెప్పినాయన పేరు డాక్టర్ ఎడ్వర్డ్ లారీ. (గంజ్‌లో ఈ పేరు పలికితే ఎక్కడ దించాలి అంటారు.) 1885లో రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చి, హైదరాబాద్ మెడికల్ స్కూలుకు ప్రిన్సిపాల్ అయ్యారు. ఎడిన్‌బరోలో సర్జన్ జేమ్స్ సైమ్ దగ్గర చదివినవాడు. క్లోరోఫాం పీలిస్తే మత్తు వస్తుందని డాక్టర్ సింప్సన్ 1847 నవంబర్‌లో కనిపెట్టింది కూడా ఆ ఊళ్లోనే. మూడు నెలలు తిరక్కుండా, 1848 జనవరిలో, కాలిగోరు తీయించుకోవడానికి వచ్చిన హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల ఇంగ్లండ్‌లో క్లోరోఫాం పీల్చి నిమిషాల్లో చనిపోయింది. అప్పటి నుంచి వైద్యులు రెండు పక్షాలు. క్లోరోఫాం గుండెను ఆపుతుంది, నాడి మీద వేలు తీయొద్దు అని లండన్ పక్షం. ముందు ఆగేది ఊపిరి, దాన్ని చూసుకుంటే గుండె తన పని తాను చూసుకుంటుంది, నాడి జోలికి పోవద్దు అని సైమ్ పక్షం.

లారీ రెండో మాటను తూచా తప్పకుండా హైదరాబాద్‌లో నాటారు. ఇందులో నాకు నవ్వొచ్చే సంగతి ఒకటుంది. ఆ స్కూలు పట్టాకు పేరు 'హకీం'. యునానీ హకీములూ ఆయుర్వేద వైద్యులూ మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి జబ్బంతా చెప్పే ఊరిది. అలాంటి ఊళ్లో కొత్త హకీములకు మొదటి పాఠం: నాడి ముట్టుకోవద్దు.

ముట్టుకోకుండా ఏం చేయాలి? ఇక్కడే అసలు పనితనం. హైదరాబాద్ పద్ధతి నియమాలను చదువుతుంటే మందుల పుస్తకంలా ఉండదు, వడ్రంగం నేర్పే మేస్త్రీ మాటల్లా ఉంటుంది. రోగిని వెల్లకిలా పడుకోబెట్టాలి. మెడ, రొమ్ము, పొట్ట దగ్గర బిగుతైన ముడి ఒక్కటి కూడా ఉండకూడదు. వీలైతే రొమ్మూ పొట్టా బయటికి కనిపిస్తుండాలి, ఊపిరి కదలిక కంటికి ఆనాలి కాబట్టి. పనిముట్టు చూస్తే జాలేస్తుంది: శంకు ఆకారపు కుల్లాయి, మొనలో కాస్త దూది. దాని మీద క్లోరోఫాం చుక్కలు. కవాటాలు లేవు, కొలతగీతలు లేవు.

ఆ కుల్లాయిని మొదట్లో ముక్కుకు మరీ దగ్గరగా పెట్టకూడదు. ఘాటు తగలగానే మనిషి ఊపిరి బిగబడతాడు, పెనుగులాడతాడు. బిగబట్టిన తర్వాత వచ్చే ఊపిరి మామూలుది కాదు, గుండెనిండా పీల్చేస్తాడు, ఒక్క గుక్కలో మోతాదు మించిపోతుంది. ఏడ్చే పిల్లలతో ఇంకా జాగ్రత్త, ఏడుపు మధ్యలో పిల్లలు ఎంత లోతుగా గాలి పీలుస్తారో తల్లినడిగితే చెబుతుంది. అందుకని చెయ్యి దగ్గరికి జరుగుతూ, ఊపిరి తడబడగానే వెనక్కు తగ్గుతూ, మళ్లీ జరుగుతూ ఉండాలి. ఊపిరి ఏ కాస్త అడ్డుపడినా, అది మొదలెట్టిన మొదటి క్షణమే అయినా, కుల్లాయి తీసేయాలి. మామూలు ఊపిరి వచ్చాకే మళ్లీ. కొత్తవాళ్లకు ఇది విసుగనీ, ఆలస్యమనీ నియమాల్లోనే ఒప్పుకున్నారు. కొన్నాళ్లకు మాత్రం ఎక్కడో ఏదో తప్పుతోందని చూడకముందే తెలిసిపోతుందట. దబ్బనం పట్టుకున్నాయన నాతో అన్నదీ ఆ ఒక్క ముక్కే.

మత్తు చాలిందని ఎలా తెలియాలి? వేలికొసతో కనుగుడ్డు పైపొరను ముట్టుకోవాలి. రెప్ప పడకపోతే చాలు, ఇక మందు పెంచొద్దు. అప్పుడప్పుడూ ఒక పీల్పు ఇస్తూ ఆ గట్టు మీదే నిలబెట్టాలి. పైకి తేలి మళ్లీ పెనుగులాట మొదలు కానివ్వకూడదు. ఇంకో కట్టడి సర్జన్‌కు: మత్తు పూర్తిగా పట్టే దాకా కత్తి ఆనించకూడదు. ఈ ఆఖరి మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఈ చేతివాటం పుణికిపుచ్చుకున్న శిష్యుల్లో రూపాబాయి ఫర్దూంజీ ఒకరు. పార్శీ కుటుంబం. 1885లో మెడికల్ స్కూల్లో చేరిన మొదటి ఆడపిల్లల్లో ఒకరై, 1889లో హకీం పట్టా పుచ్చుకున్నారు. అప్పటి నుంచి 1917 దాకా రెసిడెన్సీ ఆస్పత్రిలో, అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలో, జనానా ఆస్పత్రిలో ఆమె పని రోగి తల దగ్గర నిలబడి కుల్లాయి పట్టుకోవడం. ప్రపంచంలోనే మొట్టమొదటి మహిళా మత్తు వైద్యురాలు ఆమేనని ఇప్పుడు ఆ రంగంవాళ్లు చెప్పుకుంటున్నారు. 1909లో ఎడిన్‌బరో వెళ్లి భౌతిక, రసాయన శాస్త్రాలు చదువుకున్నారు. ఇరవై ఏళ్లు చేత్తో చేసిన పనికి లెక్క తెలుసుకోవాలనిపించి ఉంటుంది, ఇది నా ఊహ. సర్జన్ల పేర్లతో వార్డులుంటాయి. తల దగ్గర నిలబడ్డవాళ్ల పేర్లు రావడానికి వందేళ్లు పడుతుంది.

లారీకి చెయ్యి చాలలేదు, వాదం కూడా గెలవాలి. 1888లో ఒక కమిషన్ వేసి కుక్కలకు క్లోరోఫాం ఇచ్చి చూపించారు: ప్రతిసారీ ముందు ఆగింది ఊపిరే. లండన్ పత్రిక 'లాన్సెట్' నమ్మలేదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌన్లు ఇస్తాం, మీ మనిషినే పంపి చూసుకోండి అన్నారు. వాళ్లు పంపింది అల్లాటప్పా వాణ్ని కాదు, లండన్ వైద్యుడు లాడర్ బ్రంటన్‌ని. అప్పటికి ఆయన గుండె పక్షమే. 1889 అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కుక్కలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు, గుర్రాలు, అన్నీ కలిపి అయిదొందల పైచిలుకు జంతువుల మీద పరీక్షలు జరిగాయి. వాటి గురించి రాయబుద్ధి కావడం లేదు. బ్రంటన్ మనసు మార్చుకుని, ప్రమాదం ఊపిరాడకపోవడమూ మోతాదు మించడమూ తప్ప నేరుగా గుండెకు కాదని లండన్‌కు తంతి కొట్టారు. హైదరాబాద్ గెలిచింది.

ఇరవై ఏళ్లకు ఓడింది. 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు పిల్లుల మీద చూపించినదేమిటంటే, క్లోరోఫాం గుండెను నేరుగా ఆపగలదు, అదీ మత్తు ఎక్కువైనప్పుడు కాదు, తక్కువైనప్పుడు. పైపై మత్తులో భయం వల్లో నొప్పి వల్లో ఒంట్లో అడ్రినలిన్ ఎగదన్నితే, గుండె కింది గదులు లయ తప్పి వణికి ఆగిపోతాయి. హానా గ్రీనర్‌కు జరిగింది ఇదేనని ఇప్పుడు చాలామంది అనుకుంటారు. లండన్ పక్షం మాటే నిజమైంది.

మరి అన్నేళ్లు హైదరాబాద్‌లో అంత మందికి ఎలా క్షేమంగా ఇచ్చారు? ఇందాక గుర్తుంచుకోమన్న మాట దగ్గరికి వస్తాను. కత్తి ఆనించే ముందు పూర్తి మత్తు. పెనుగులాట రానివ్వకపోవడం. మధ్యలో పైకి తేలనివ్వకపోవడం. లెవీ చెప్పిన మృత్యువు కాచుకుని ఉండే చోటు సరిగ్గా ఆ పైపై మత్తే. దాని గుండా వీలైనంత నెమ్మదిగా, భయపెట్టకుండా దాటించి, మళ్లీ అటు పోనివ్వకుండా కాపలా కాయడమే హైదరాబాద్ పద్ధతి. లారీ దాన్ని ఊపిరి కోసం చేశారు. కాపాడింది గుండెను. రూపాబాయి చేతులు ఏ శత్రువును అడ్డుకుంటున్నాయో ఆమె గురువుకే తెలియదు. ఆ సిద్ధాంతాన్ని నమ్మి, ఆ చెయ్యి లేకుండా క్లోరోఫాం ఇచ్చిన ఇతర ఊళ్లలో ఏమై ఉంటుందో తలచుకుంటే మాత్రం పొగడ్త గొంతులో అడ్డం పడుతుంది.

అందుకే జర్మనీ లెక్క చూసి సూదిని పారేయమనలేను, చీ ప్రవాహం నిజమని ఒట్టూ పెట్టలేను. ఆ రెండు జట్లకూ కలిసొచ్చినవి ఏమిటో చూడండి. రెండింటిలోనూ చర్మం దాటి సూది దిగింది. అరగంట పాటు మనిషి కదలకుండా పడుకున్నాడు. నొప్పి ఎక్కడ అని తడిమి అడిగిన చెయ్యి ఒకటి పక్కన ఉంది. అలా పది నుంచి పదిహేను సార్లు. రోజంతా బస్తాలు మోసి, డాక్టరు ముందు రెండు నిమిషాలు నిలబడి చీటీతో బయటికొచ్చే హమాలీకి ఆ అరగంట ఎప్పుడు దొరికింది కనుక? సూది గుచ్చితే ఒంట్లోని సొంత నొప్పి మందులు ఊరుతాయని 1970ల నుంచీ ప్రయోగాలున్నాయి, అవీ ఇందులో భాగం కావొచ్చు. ఆక్యుపంక్చర్‌కు దాని లెవీ ఇంకా రాలేదు. వచ్చినప్పుడు మోకాలి వెనక మడత గురించి ఏం చెబుతాడో వినాలని ఉంది.

క్లోరోఫాం ఆస్పత్రుల నుంచి వెళ్లిపోయి చాలా కాలమైంది. కుల్లాయిని మ్యూజియంలో పెట్టాల్సిందే. కమిషన్ రాతల్లో ఒక్క నియమం మాత్రం ఇంకా డ్యూటీలో ఉంది. మత్తులో మనిషి గురక పెడితే నాలుక వెనక్కు జారి గొంతుకు అడ్డం పడిందని అర్థం. అప్పుడు దవడ ముందుకు లాగి, కింది పళ్లు పై పళ్లకు ముందు నిలిచేలా పట్టుకోవాలి అని రాశారు. ఈ పూట మూసీ ఒడ్డున ఏ ఆపరేషన్ థియేటర్లోనైనా, తెరల మీద గీతలన్నీ సరిగ్గానే పోతున్నా, ఆ చప్పుడు వినగానే తల దగ్గరున్న డాక్టరు చేతులు రెండూ వాటంతట అవే కదులుతాయి. వేళ్లు దవడ మూలల కిందకు పోతాయి. దవడ లేస్తుంది, కింది పళ్లు ముందుకొస్తాయి, గురక ఆగుతుంది, పొట్ట మీది పచ్చగుడ్డ మెల్లగా పైకీ కిందికీ కదులుతుంది.